చేసిందెవరు, పడిందెవరు

తప్పు ఒప్పుకున్నవాడికి గౌరవం పెరుగుతుందని కొరియాలోని అన్‌దోంగ్‌లో అందరూ నమ్ముతారు. తరతరాలుగా పండితులను కన్న ఊరని చెప్పుకునే ఊరది. అలాంటిచోట సూక్తులకు కొరత ఉండదు. ఆ ఊరి బాలికల ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే గుమ్ హెజోంగ్ ఈ సూక్తిని స్వయంగా ఆచరించి చూసింది. రెండుసార్లు తప్పు ఒప్పుకుంది. రెండూ ఆమె చేసినవి కావు. గౌరవం సంగతి తేలలేదు గాని, బడిలో ఒప్పుకోవలసిన పని ఏది వచ్చినా అందరి కళ్ళూ ఆమె బల్ల వైపు తిరగడం మాత్రం ఒక ఆనవాయితీగా స్థిరపడింది.

ఆమె నలభై దాటిన మనిషి. ఉద్యోగం ఏడాది ఒప్పందం మీద. మార్చిలో మొదలై ఫిబ్రవరిలో తీరిపోతుంది, మళ్ళీ రాయించుకోవాలి. పర్మనెంటు ఉపాధ్యాయులకు నాలుగు ఋతువులుంటే ఆమెకు రెండే: ఒప్పందం ఉన్న కాలం, ఒప్పందం కోసం ఎదురుచూసే కాలం. రెండోది డిసెంబరులో మొదలయ్యేది. అప్పటినుంచి ఆమె వంగి పెట్టే నమస్కారం కొంచెం ఎక్కువ వంగేది, స్టాఫ్‌రూములో హీటరుకు దగ్గరి కుర్చీ కొంచెం త్వరగా ఖాళీ చేసేది.

పాత బజారులో ఉప్పుచేపల దుకాణం నడిపే అక్క హెవోన్‌తో కలిసి ఉండేది. అన్‌దోంగ్‌కు సముద్రం లేదు. పూర్వం తీరాన పట్టిన చేప ఆ ఊరు చేరేలోగా కుళ్ళకుండా ఉప్పు పట్టించేవారు. ఆ నిస్సహాయతే తర్వాత ఊరి ప్రత్యేకతగా పేరు మోసింది. ఇంగ్లీషు కూడా ఆ ఊరికి అలాగే చేరిందని హెజోంగ్ అనుకునేది. పుట్టినచోట అది ఎలా ఈదేదో చూసినవారు లేరు. బడిలో ఉన్నదంతా ఉప్పు పట్టించి ఆరబెట్టినదే. దాన్నే ముళ్ళు తీసి పిల్లలకు పెట్టాలి.

ఆమె బాగా పెట్టగలిగిన ముక్క ఒకటుంది. ఇంగ్లీషువాడు తనను తాను రెండు మాటలతో పిలుచుకుంటాడు. పని తాను చేస్తే ‘ఐ’. పని తన మీద పడితే ‘మి’. ఇతరులకూ అంతే, ‘హి’ ఒకటి, ‘హిమ్’ ఒకటి. చేసేవాడికొక చొక్కా, పడేవాడికొక చొక్కా. ఒక్కడే ఉన్నంతసేపు ఎవరూ తడబడరు. పక్కన ఇంకొకడు చేరగానే, ‘వాడూ నేనూ’, ‘వాడినీ నన్నూ’ అనేసరికి, ఏ చొక్కా తొడగాలో తెలియక క్లాసంతా దిక్కులు చూస్తుంది. హెజోంగ్ ఉపాయం చెప్పేది: పక్కవాడిని వేలితో మూసెయ్యండి, ఒంటరిగా మీరేమవుతారో చూడండి, అదే జవాబు. పిల్లలు నిజంగానే కాగితం మీద బొటనవేళ్ళు అదిమి చదివేవారు. పక్కవాడిని కనబడకుండా చేస్తే తప్ప మన స్థానం మనకు తెలియదన్న ఈ సిద్ధాంతం పరీక్షలకు బాగా పనికొచ్చేది. అంతకుమించి దేనికైనా పనికొస్తుందా అని ఆమె ఆలోచించలేదు. ఆలోచించవలసిన అవసరం జీతంలో కలపలేదు.

ఇంగ్లీషు శాఖాధిపతి నమ్ గిచోల్. పదవీవిరమణకు కొంత దూరంలో, మరో బడిలో వైస్ ప్రిన్సిపాల్ పదవికి చాలా దగ్గరలో ఉన్న మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డతనానికి కొంత ఉత్సాహం కావాలి. ఇతర ఉపాధ్యాయులను ‘టీచర్‌గారూ’ అని పిలిచే ఆయన, ఒప్పందం మీద పనిచేసేవారి దగ్గరికి వచ్చేసరికి ఆ ‘గారు’ను జారవిడిచేవాడు. “గుమ్ టీచర్, ఆ గ్లాసులు ఇటు.” “గుమ్ టీచర్, జిరాక్సు.” ఆమె దానికి అలవాటు పడింది. ఆయన నోట ‘గారు’ వినబడిన సందర్భాలు రెండే, ఆ రెండూ తప్పు ఒప్పుకోవలసిన సందర్భాలే.

ఆ డిసెంబరు పరీక్షకు ప్రశ్నపత్రం హెజోంగ్ తయారుచేసింది. చేసేవాడి చొక్కా, పడేవాడి చొక్కా మీద ఒక ప్రశ్న పెట్టింది: ‘ఈ మాట నీకూ నాకూ మధ్యే ఉండాలి’ అన్న ఇంగ్లీషు వాక్యంలో ‘నాకూ’ దగ్గర ఖాళీ. దానికి ఒక్కటే జవాబు, ‘మి’. నమ్ సార్ అది చదివి మరీ తేలికగా ఉందన్నాడు. కొట్టేసి, ‘మా అక్క నాకంటే బాగా ఈదుతుంది’ అన్న వాక్యం పెట్టి, అక్కడ ‘ఐ’ ఒక్కటే సరైనదని జవాబు పట్టికలో రాశాడు. ఆయన కాలేజీలో చదివిన పుస్తకం అలాగే చెప్పింది. ఆ పుస్తకం అచ్చయిన తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఏం మాట్లాడుతున్నారో విచారించడం ఆయన తన బాధ్యత అనుకోలేదు. నిత్యం మాట్లాడేవాళ్ళు అక్కడ ‘మి’ అనే అంటారు, ఇప్పటి పుస్తకాలూ తప్పు పట్టవు. ఆ ‘మి’ కూడా ఎంచుకోవడానికి ఇచ్చిన జవాబుల్లో ఉంది.

మార్చిన పత్రం హెజోంగ్ చూసింది. రెండు జవాబులూ సరిపోతాయని ఆమెకు తెలుసు. చెప్పాలంటే, పెద్దాయనకు తెలియదని చెప్పాలి. నెల డిసెంబరు. తయారుచేసినవారి పేరు దగ్గర సంతకం పెట్టి ఇచ్చేసింది.

ఫలితాలు తెలిసిన మర్నాడు హారిమ్ అనే అమ్మాయి తల్లి బడికి వచ్చింది. తప్పు పట్టడానికి రాలేదని మొదటే చెప్పింది. తప్పు పట్టడానికి వచ్చేవారు అలాగే మొదలుపెడతారు. ఆ ఒక్క ప్రశ్న వల్ల కూతురు మొదటి శ్రేణి నుంచి రెండో శ్రేణికి జారింది. రెండో శ్రేణి అంటే ఆ ఇంట్లో ఏమిటో వివరించనక్కరలేదు. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. ట్యూషన్ మాస్టారు పుస్తకాల్లోంచి తీసి ఇచ్చిన ఉదాహరణల కట్ట బల్ల మీద పెట్టింది. బడిలో నేర్పినదే ప్రమాణమని నమ్ సార్ అన్నాడు. బడిలో ఇది ఎప్పుడు నేర్పారని ఆమె అడిగింది. ఆయన కిటికీలోంచి కొండల వైపు చూశాడు. వారం తిరిగేలోగా ఇంకొందరు తల్లులు వచ్చారు, జిల్లా విద్యాశాఖ నుంచి ఫోను వచ్చింది, పుస్తకాల కంటే ఫోనుకు విలువనిచ్చే వైస్ ప్రిన్సిపాల్ తక్ మేడమ్ రెండు జవాబులకూ మార్కులు వేయించింది.

పిల్లల గొడవ అక్కడితో తీరింది. పెద్దలది మిగిలింది. పొరపాటు ఎలా జరిగిందో వివరిస్తూ పైకి ఒక కాగితం పంపాలి. ఇలాంటి కాగితాలకు బడిలో ఒక నమూనా ఉంది: ‘ప్రశ్నపత్రం తయారీలో అజాగ్రత్త వల్ల పొరపాటు జరిగింది.’ కర్త లేకుండా క్రియ ఉండదని తర్కం చెబుతుంది. ఆఫీసులు తర్కం చదవలేదు. అక్కడ పనులన్నీ వాటంతటవే జరుగుతాయి, కింద సంతకం పెట్టినవాడికి మాత్రం తగులుతాయి. ఆ సంతకం నమ్ సార్‌దయితే పదవి మరొకరికి పోతుంది. హెజోంగ్‌దయితే, ఆయన చలవ ఉన్నంతవరకు, ఏమీ కాదు. లేకపోతే ఫిబ్రవరి అవుతుంది.

ఆ సాయంత్రం శాఖవారందరికీ కోడికూర హోటళ్ళ సందులో భోజనం ఏర్పాటు చేశాడు నమ్ సార్. పెద్ద పళ్ళెంలో సేమియా, మిరపకాయలతో నల్లగా ఉడికిన కోడి మధ్యలో పెట్టారు. చిన్నవారు పెద్దలకు పోయాలి గదా అని హెజోంగ్ సీసా మీద చెయ్యి వేయబోతే ఆయనే అందుకుని ఆమె గ్లాసులో సోజు సారా పోశాడు. పెద్దవారు పోస్తే రెండు చేతులా అందుకోవాలి, ముఖం పక్కకు తిప్పుకుని తాగాలి. తాగితే అడగనిదానికి కూడా సరేనన్నట్టు. ఆమె రెండు చేతులా అందుకుంది.

“ఈ ఏడు చలి ముందే దిగింది గుమ్ టీచర్‌గారూ,” అన్నాడు నమ్ సార్.

‘గారు’ వినగానే బల్ల చుట్టూ ఉన్న మిగతావారు కోడిముక్కల మీద శ్రద్ధ పెంచారు.

“అవునండీ,” అంది హెజోంగ్.

“ఫిబ్రవరి గురించి మీరేం బెంగ పెట్టుకోకండి. ప్రిన్సిపాల్‌గారి చెవిన వేశాను. ఆ కాగితం మాత్రం రేపు పొద్దున ఇచ్చేయండి. రాయడానికి పెద్దగా ఏముంది, పొరపాటు జరిగింది, అంతే గదా.”

“ఎవరివల్ల జరిగిందని రాయమంటారు సార్?”

“ఎవరివల్లనేముందండీ. పొరపాటంటే వాన లాంటిది. పడుతుంది. కింద ఒక సంతకం ఉండాలని రూలు, అందుకని ఉంటుంది.”

“వాన పడితే ఎవరినీ సంతకం అడగరు సార్.”

ఒకాయన నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. నమ్ సార్ చిరునవ్వు చెదరలేదు. ఆమె గ్లాసు వైపు ఒకసారి చూశాడంతే. గ్లాసు నిండుగానే ఉంది. భోజనాలు ముగిసి అందరూ చెప్పులు తొడుక్కునే వేళకు కూడా నిండుగానే ఉంది. ఆమె ధైర్యవంతురాలని దీన్నిబట్టి ఎవరూ అనుకోనక్కరలేదు. ‘గారు’ మీద ఒళ్ళు మండింది, అందుకే తాగలేదు. ఇంటికి నడుస్తూ దారిపొడుగునా, తాగేస్తే పోయేదిగా అని తనను తానే తిట్టుకుంది.

పాత బజారు చేరేసరికి అక్క దుకాణం మూసే సమయం. హెవోన్ కత్తిపీట కడుగుతూ అంతా విన్నది.

“గారు అన్నాడా? అయితే పని గట్టిదే. సంతకం పెట్టి పడెయ్.”

“ఇప్పటికి రెండుసార్లు పెట్టాను అక్కా.”

“మూడోదానికి చెయ్యి తిరిగి ఉంటుంది. నీ పరువు కిలో ఎంతని నా దగ్గర ఎవరూ అడగలేదే పిల్లా. అద్దె మాత్రం ప్రతి నెలా అడుగుతున్నారు. సరే, ఒకటి చెప్పు. ఆ ముసలాయన మార్చింది నువ్వు ముందే చూశావా, లేదా?”

“చూశాను.”

“తప్పని తెలిసిందా?”

“తెలిసింది.”

“చూసి ఏం చేశావు?”

“ఊరుకున్నాను,” అంది హెజోంగ్.

“మరింకేం. సగం నీదేగా. మిగతా సగం కూడా కలిపేసుకో, చిల్లర బేరం ఎందుకు.”

అక్క చెల్లెలి మేలు కోరే చెప్పింది. కాని ఆ మాట హెజోంగ్‌ను మరోచోట తాకింది. అంతవరకు ఆమె తనను తాను పడేదానిగానే లెక్క వేసుకుంది. పడేవారికి ఒక సుఖం ఉంది: చేసినవారి జాబితాలో తమ పేరు వెతుక్కోనక్కరలేదు. మొదటి రెండు తప్పులూ తనవి కావు, అవి మీద వేసుకోవడం అబద్ధమే అయినా దాన్ని అణకువ అని పిలుచుకుంది. ఈసారి వ్యవహారం అంత శుభ్రంగా లేదు. మొత్తం తనదంటే అబద్ధం. మొత్తం ఆయనదంటే అదీ అబద్ధమే. ఆయన చేసినదాన్ని వేలితో మూసి తనను చూసుకుంటే, తాను పడినది కాక చేసినది కూడా ఒకటి కనబడింది: తెలిసి నోరు మూసుకోవడం. నిర్దోషిననుకోవడం అలవాటైన మనిషికి ఇది కాస్త చేదు మాట. నిజం చెప్పుకుంటే, ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఎక్కువ చేదు.

మర్నాడు పొద్దున ఆమె నమూనాను పక్కన పెట్టి, రెండు వాక్యాలు రాసి తక్ మేడమ్‌కు ఇచ్చింది. మేడమ్ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివింది.

“జరిగింది అని రాస్తే సరిపోయేది గదా టీచర్‌గారూ. ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.”

“జరగలేదు మేడమ్. చేశాం.”

“ఇద్దరి పేర్లూ పైకి వెళ్తాయి.”

“వెళ్ళనివ్వండి.”

“నమ్ సార్‌కి ఇది పదవి రావలసిన ఏడాది. మీకు ఫిబ్రవరి. ఇంకోసారి ఆలోచించుకోండి. మధ్యాహ్నం దాకా నా సొరుగులోనే ఉంటుంది.”

మధ్యాహ్నం తక్ మేడమ్ మనిషిని పంపి అడిగించింది. మార్చవలసిందేమీ లేదని హెజోంగ్ కబురు చేసింది. ఆ రోజు నమ్ సార్ ఆమెతో జిరాక్సు సంగతి కూడా మాట్లాడలేదు. గ్లాసులు తనే తెచ్చుకున్నాడు. తప్పు ఒప్పుకున్నందుకు గౌరవం పెరిగినట్టు ఎవరి ముఖంలోనూ జాడ లేదు. హారిమ్ తల్లి కూడా మళ్ళీ రాలేదు. ఆమెకు కావలసింది మార్కు, అది వచ్చింది.

గుమ్ హెజోంగ్ రాసినది ఇది: ప్రశ్నను, జవాబును మార్చినవారు శాఖాధిపతి నమ్ గిచోల్, రెండు జవాబులు సరిపోతాయని తెలిసి కూడా చెప్పకుండా సంతకం చేసినది నేను. ఆ కాగితం అలాగే పైకి వెళ్ళింది. నమ్ సార్‌కు ఆ ఏడు పదవి రాలేదు. ఫిబ్రవరిలో ఆమె ఒప్పందాన్ని తిరగరాయలేదు. మార్చి నుంచి ఆమె బస్సులో కొండలు దాటి ఆపిల్ తోటల మధ్య ఉన్న ఒక చిన్న మిడిల్ స్కూలులో, మళ్ళీ ఏడాది ఒప్పందం మీదే, పాఠాలు చెబుతోంది.