రెండు సీట్ల ఎర్ర కారు, రోహిణి కార్తెలో హీటరు

మా ఇంటి ముందు జీపు నిలబడి ఉండే రోజుల్లో దానికి ఎన్ని సీట్లున్నాయని ఎవరూ అడిగేవారు కాదు. ఎంతమంది వస్తే అన్ని సీట్లు. మాది ఉదయగిరికీ దుత్తలూరుకీ నడుమ ఒక మెట్ట ఊరు. మా నాయన పదవులేవీ చేయలేదు గానీ, ఊళ్లో గట్టు తగాదా వచ్చినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా, ఎవరింట్లోనైనా కాన్పు నొప్పులు మొదలైనా జనం మా వాకిట్లోకే వచ్చేవారు. ఆయన కండువా భుజాన వేసుకుని బయటికి వచ్చేసరికే ఎక్కాల్సినవాళ్లు జీపెక్కి సర్దుకుని ఉండేవారు. 'వద్దు' అనే మాట మా నాయన నోట నేను విన్నది అన్నం దగ్గర మాత్రమే (అదీ కాకరకాయ వడ్డించినప్పుడు). అమ్మకి ఆ జీపులో చోటు దొరికితే వెనక, సంచుల పక్కన. దొరక్కపోతే బస్సు. కలువాయిలో చుట్టాల పెళ్లికి నాయన ఊరి పెద్దమనుషులతో దర్జాగా జీపులో దిగితే, అమ్మ ఒక చంకన నన్నూ ఇంకో చేత్తో చీరల పెట్టెనూ పట్టుకుని బస్సు దిగి నడిచొచ్చింది. ఇందులో వింతేమీ ఉన్నట్టు మాకెవరికీ తోచలేదు. పెద్దమనిషి ఇల్లంటే అంతే కాబోలు అనుకునేవాళ్లం.

అట్లాంటి మనిషి, నేను ఇంజనీరింగ్ ముగించి ఇంటికొచ్చిన ఏడు, జీపు అమ్మేసి ఒక ఎర్ర కారు తెచ్చాడు. మామూలు కారు కూడా కాదు, స్పోర్ట్స్ కారు. చెన్నైలో ఎవరో మోజు తీరాక అమ్ముకుంటే ఈయన కొనుక్కొచ్చాడు. రెండే తలుపులు, రెండే సీట్లు. ఎత్తు చూస్తే మా గేదె నడుము దాకా కూడా రాదు. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, దిగడమే. ముందు పీట మీద కూర్చున్నట్టు కూలబడి, తర్వాత కాళ్లు ఒక్కొక్కటీ లోపలికి లాక్కోవాలి. నాయన పంచెకట్టుతో ఆ విన్యాసం చేస్తుంటే చూడ్డానికి పనులు మానుకుని మరీ వచ్చేవారు. దుత్తలూరు రోడ్డులో స్పీడ్ బ్రేకర్లన్నీ దాని పొట్టని వరసగా గీకి పంపేవి.

అమ్మకి మాత్రం ఒళ్లు మండిపోయింది. 'ఇంట్లో నలుగురం ఉండాం. రెండు సీట్ల కారు తెచ్చినాడు మనిషి. నాతో ఒక్కమాటన్నా చెప్పినాడా?' అని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నంత పని చేసింది, అందులో కాలు పెట్టనని. నాయన రోజూ సాయంత్రం కారు తుడిచి, పక్క సీటు తలుపు తెరిచిపెట్టి, గాలితో మాట్లాడుతున్నట్టు 'అట్టా ఆత్మకూరు దాకా పోయొద్దామా' అనేవాడు. అమ్మ చాటలోంచి తల ఎత్తకుండా 'ఈసారి బియ్యం నిండా రాళ్లే' అనేది. నాయన కాసేపు చూసి తలుపు మూసేవాడు. మర్నాడు అమ్మ ఆత్మకూరుకి బస్సులో వెళ్లొచ్చేది. మా అవ్వ (నాయన తల్లి) అరుగు మీద కూర్చుని, 'ఆ రెండో సీటు ఎవురికిరా, దేవుడికా?' అని కొడుకుని ఆటపట్టించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ ఒక్క సీటు నిండాలని మా నాయనకి ఎంత ఆశో అప్పుడు నాకు తెలియదు. ఆయన తలుపు మూసే చప్పుడు రోజురోజుకీ మెల్లబడుతోందని మాత్రం తెలుస్తుండేది.

ఇలా ఉండగా కారు వేడెక్కడం మొదలైంది. ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా నాయన మా బోరు నీళ్లు ఒక చెంబు పోసేవాడట. మా బోరు నీళ్లతో కందిపప్పే ఉడకదు. ఇక ఇంజిన్ సంగతి చెప్పేదేముంది? 'నెల్లూరుకి తీసుకుపోదాం నాయనా' అంటే, 'ఎందుకురా, నువ్వు చదివింది మెకానికలే గదా, ఇంట్లోనే కూలెంట్ మార్చు' అన్నాడు. నా మెకానికల్ చదువు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాలేజీలో ఉన్నన్నాళ్లూ నేను దగ్గరగా చూసిన ఇంజిన్ ఒక్కటే. దాన్ని సగానికి కోసి, రంగులు పూసి, బల్ల మీద పెట్టారు. 'ముట్టుకోరాదు' అని బోర్డు కూడా ఉండేది. కానీ నాయన ముందు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. 'సరే, అదెంత పని' అన్నాను.

ఆత్మకూరు వెళ్లి, ఇంజిన్‌ని చల్లగా ఉంచే గులాబీ రంగు కూలెంటూ, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరూ తెచ్చాను. ఎలా చేయాలో ఫోన్లో వీడియో ఉంది. సిగ్నల్ మాత్రం మా మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కనే వస్తుంది. కాబట్టి మిద్దెక్కి కాస్త చూడటం, కిందికి పరుగెత్తడం, చూసింది మరిచిపోయి మళ్లీ మిద్దెక్కడం. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌తో తెల్లారేసరికి మొదలుపెట్టిన పని, ఎండ నడినెత్తికి వచ్చినా తెమల్లేదు. జాకీ కారు కిందికి దూరలేదు. ట్రాక్టర్‌ని లారీ ఎక్కించే చెక్కలు వాలుగా వేసి, ముందు చక్రాలు వాటి మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాం. అడుగున ప్లాస్టిక్ మూతకి ఎన్ని మరలున్నాయో, ఒక్కోటి విప్పుతుంటే అవ్వ అరుగు మీద నుంచి 'ఆ విప్పినవి మళ్లా పెట్టడం వచ్చా రా?' అని ధైర్యం చెబుతూనే ఉంది. చివరికి రేడియేటర్ అడుగు మర తిప్పితే, నిలవున్న టీ లాంటి నీళ్లు బుసబుసమని బేసిన్‌లోకి దూకాయి. డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, మరా అడుగు మూతా బిగించి, కొత్త కూలెంటు నీళ్లతో కలిపి పోశాను. నా అంత మొనగాడు లేడనిపించింది.

అసలు కథ అప్పుడు మొదలైంది. పైపుల్లో గాలి ఇరుక్కుంటే ఇంజిన్ మాడిపోతుందట. ఆ గాలి పోవాలంటే రేడియేటర్ మూత తీసి ఉంచి, ఇంజిన్ నడుపుతూ, హీటరు పైపుల్లోనూ నీళ్లు తిరిగేలా దాన్ని ఫుల్లుగా పెట్టి, బుడగలు ఆగేదాకా చూడాలి. వీడియోలో తెల్లాయన స్వెట్టర్ వేసుకుని, బయట మంచు పడుతుంటే, హాయిగా హీటరు పెట్టాడు. మాకేమో రోళ్లు పగిలే రోహిణి కార్తె. నాయన మారుమాట లేకుండా స్టీరింగ్ ముందు కూర్చుని, అద్దాలు దించి (లోపలికి వచ్చింది వడగాలే), హీటరు తిప్పాడు. ఒక్క నిమిషం ఆగి పిలిచాడు.

'ఒరే, ఈ వేడి చూపించే ముల్లు ఏడుండాదో నాకు కనపడటంలా. కళ్లద్దాలు ఇంట్లో ఉండిపోయినాయి.'

'నేను తెస్తాలే నాయనా.'

'నువ్వు కదలబాక. బుడగలు చూడు.'

సరిగ్గా అప్పుడే అమ్మ 'నా ఒడియాల బేసిన్ ఏదిరా?' అంటూ బయటికి వచ్చింది. కారు కింద దాన్ని చూసింది, అందులో ఉన్నదీ చూసింది. 'ఇంక అది వంటకి పనికిరాదమ్మా, విషం' అన్నాను. అమ్మ నన్ను చూసిన చూపుకి నేనే రేడియేటర్‌లో దూరదామనుకున్నాను. నాయన ఇదే అదను అనుకున్నట్టున్నాడు. 'ఏమే, ఒక్క నిమిషం వచ్చి ఈ ముల్లు చూడు. అది ఎర్రగీత తాకిందంటే ఇంజిన్ పోతాది' అన్నాడు.

'పోనీ' అంది అమ్మ.

అరుగు మీద నుంచి అవ్వ అందుకుంది. 'పోయి కూర్చోమ్మా కోడలా. ఇది పోతే వాడు ఇంకోటి తెస్తాడు. ఈసారి ఒకే సీటు ఉండేది తెస్తాడు.'

ఆ మాట పనిచేసింది. అమ్మ కొంగు నడుముకి దోపుకుని వచ్చి, మామూలు కుర్చీ ఎత్తులో సీటుంటుందనుకుని కూర్చోబోయి, 'అమ్మో!' అంటూ పాతాళంలో పడింది. బానెట్ ఎత్తి ఉండటం వల్ల నాకు వాళ్లిద్దరూ కనపడరు, మాటలు మాత్రం వినపడతాయి.

'ఇదేందయ్యా ఈ సెగ? ఏసీ పాడైనాదా?'

'ఏసీ కాదు. హీటరు.'

'రోహిణి కార్తెలో హీటరా?'

'పిల్లోడు పెట్టమన్నాడు.'

'వాడి చదువు తగలెయ్య' అంది అమ్మ. (నా డిగ్రీకి ఇంట్లో జరిగిన సన్మానం ఇదొక్కటే.)

గుబుక్కుమని ఒక పెద్ద బుడగ పగిలి నా చొక్కా గులాబీ రంగైంది. ముల్లు పావు దగ్గర ఉందని అమ్మ గట్టిగా ప్రకటించింది. సీటు బాగుందా అని నాయన అడిగాడు. 'పొయ్యిలో కూర్చున్నట్టుండాది' అంది. తర్వాత అమ్మే గొంతు తగ్గించి అడిగింది.

'ఏమయ్యా, నిజం చెప్పు. ఈ వయసులో ఈ ఎర్ర కారు ఎందుకు నీకు? ఊరంతా నవ్వతా ఉండాది.'

నాయన ఎదురు ప్రశ్న వేశాడు. 'పెళ్లయిన కొత్తల్లో ఆత్మకూరులో సినిమాకి పోయినాం, గుర్తుండాదా?'

'ఎందుకు లేదు? నువ్వేమో జీపులో వచ్చిన మగోళ్లతో ముందర కూర్చున్నావు, నేను ఆడోళ్లలో వెనక. సినిమా అయినాక నన్ను మరిచిపోయి జీపు కదిలించినారు. ఊరి చివరికి పోయినాక గుర్తొచ్చి వెనక్కి వచ్చినావు.'

'ఆ పొద్దు నుంచి నా మనసులో ఉండాది. నిన్ను ఒక్కదాన్ని కూర్చోబెట్టుకుని ఎక్కడికన్నా పోవాలని. ఎన్ని బండ్లు మార్చినా ఎవరో ఒకరు ఎక్కేస్తారు. దిగమని చెప్పడం నాకు చేతగాదు, నీకు తెలుసు గదా. దీనికైతే రెండే సీట్లు. నేను వద్దనే పన్లేదు. బండే వద్దంటాది.'

ముల్లు సంగతి ఎవరూ చెప్పడం లేదు, అడిగే ధైర్యం నాకూ లేదు. చివరికి అమ్మ, 'ఈ మాట కారు తెచ్చిన రోజే చెప్పుంటే పొయ్యేది గదయ్యా. ఈ హీటరన్నా తప్పేది నాకు' అంది. తర్వాత, నేను ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో, 'ఇట్టా తిరుగు, చెమట కళ్లలోకి పోతా ఉండాది' అంది. గాజుల చప్పుడైంది. కొంగుతో మొహం తుడుస్తోందని అర్థమైంది. బుడగలు ఆగిపోయి అప్పటికి చాలాసేపైంది. నేను ఇంకా బుడగలు చూస్తున్నట్టే వంగి ఉన్నాను. పట్టా పుచ్చుకున్న ఇంజనీరు బానెట్ కింద తలపెట్టి ఏడవడం మా జిల్లాలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

'ఒరే, అయిందా లేదా? లోపలోళ్లు ఉడికిపోతుండారు' అని అవ్వ కేకేస్తే గానీ నేను మూత బిగించలేదు. బానెట్ దించేసరికి నాయన చొక్కా జేబులోంచి కళ్లద్దాలు తొంగి చూస్తున్నాయి. అమ్మా అప్పుడే చూసింది. చూసి, మొహం అటు తిప్పుకుంది.

నేను వెనక చక్రాల దగ్గర రాళ్లు తీశాక, నాయన కారుని వెనక్కి పోనిచ్చి చెక్కల మీద నుంచి దించాడు. 'ఒకసారి తిప్పుకొచ్చి, చల్లారాక మళ్లీ కూలెంట్ మట్టం చూడాలి' అని చెప్పి, పని చేసినవాణ్ణి నేనే గనక నేనే వెళ్లాలనుకుని, చేతులు కడుక్కుని పరుగున వచ్చాను. అమ్మ దిగలేదు. కొంగు సర్దుకుని ముందుకు చూస్తూ కూర్చుంది. 'నువ్వేడికిరా అబ్బయ్యా, వాళ్ల నెత్తిన కూర్చుంటావా?' అంది అవ్వ.

కారు వాకిలి దాటకముందే 'ఫ్రంట్ సీటు' ఎదురొచ్చాడు. ఆయన నాయనకి వరసకి బావ, నాకు మామ. జీపు ఉన్నన్నాళ్లూ డ్రైవరు పక్క సీటు తన తాతల ఆస్తి అన్నట్టు కూర్చునేవాడు గనక పిల్లలం ఆ పేరు పెట్టాం. 'బావా, ఆత్మకూరుకేనా? సమయానికి దొరికినావు, నాకు ఆఫీసులో పని ఉండాది' అంటూ అలవాటు కొద్దీ తలుపు లాగాడు. లోపల అమ్మ ఉంది. ఆయన వంగి వెనక్కి చూశాడు. వెనక అనేదే లేదు. నాయన స్టీరింగ్ వంక చూశాడు, అమ్మ వంక చూశాడు. అమ్మ సాయం రాలేదు, రోడ్డు వంకే చూస్తోంది.

'సీటు లేదు బావా' అన్నాడు నాయన.

'ఏందీ?'

'సీటు లేదు.' రెండోసారి అన్నప్పుడు ఆ మాట రుచి ఆయనకి తెలిసినట్టుంది, వీధి చివరికి వినపడేలా అన్నాడు. అమ్మే చెయ్యి చాపి తలుపు వేసుకుంది. కారు వెళ్లిపోయాక ఫ్రంట్ సీటు మామ ఆ దుమ్ములో నిలబడి, 'మీ నాయనకి ఒంట్లో బాగుండాదా?' అని నన్ను దిగులుగా అడిగాడు.

వాళ్లు దీపాలు పెట్టే వేళకి గానీ రాలేదు. అమ్మ తలుపు పట్టుకుని, నాయన చెయ్యి పట్టుకుని, ఎలాగో పైకి లేచింది. జుట్టంతా గాలికి రేగి ఉంది. 'రోడ్డు బాగుండాది' అని మాత్రం చెప్పి వంటింట్లోకి వెళ్లింది. నేను కారు చల్లారాక మట్టం చూసి, తగ్గిన కాస్తా పోశాను.

ఇప్పుడు నా కాపురం ఆత్మకూరులో. నాకూ ఏడు సీట్ల బండి ఉంది, ఒక్కటీ ఖాళీ ఉండదు. మొన్న జలదంకిలో ఒక గృహప్రవేశానికి వెళ్తూ దారిలో ఆఫీసు వాళ్లనీ, వాళ్ల చుట్టాలనీ ఎక్కించుకున్నాను. మేం చేరేసరికే ఎర్ర కారు అక్కడ నీడలో నిలబడి ఉంది. బండి ఆపి అద్దంలోకి చూస్తే, మా ఆవిడ ఆఖరి వరసలో, ఒళ్లో గిన్నెల సంచి పెట్టుకుని, ముందున్నవాళ్లు దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుని ఉంది. నాకు ఏదో తట్టినట్టే అయింది గానీ, ఈలోగా పక్క సీటాయన ఏదో అడిగితే మాటల్లో పడ్డాను. ఇంటికొచ్చి పడుకున్నాక నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే కొంచెం సిగ్గూ వేసింది. బానెట్ చాటున నిలబడి అంతా విని, కళ్లు తుడుచుకున్న ఆ కుర్రాడు ఆ రోజు ఏం నేర్చుకున్నాడయ్యా అంటే, కూలెంట్ మార్చడం. అది మాత్రం ఇప్పటికీ బాగా వచ్చు.