ఇల్లు కనబడని ఫొటోలు

మేం వలసొచ్చి ఉంటున్న షాలిమార్ రేవు దగ్గర రోడ్డు వెడల్పు చేస్తారని, మా వరస ఇళ్లు ఖాళీ చేయమని మునిసిపాలిటీ వాళ్లు తలుపులకు కాగితాలు అంటించి పోయారు. అయిదేళ్లకు పైగా అక్కడే ఉంటున్నట్టు రుజువు చూపిస్తే వేరేచోట గది ఇస్తారట. కరెంటు బిల్లు చూపిద్దామంటే మాకు సొంత మీటరు లేదు. పక్కింటి నుంచి తీగ లాక్కున్నాం. నాన్న రేవు పని కాగితాలు తుఫానులో నానిపోయాయి.

"పాత ఫొటోలున్నా సరే. ఇల్లు, గోడమీద నంబరు కనబడాలి" అన్నాడు సర్వేకి వచ్చినతను.

"ఫొటోలకేటి దాదా, మా పిల్ల కాడ వేలున్నాయి" అంది అమ్మ.

నిజమే. ఆరేళ్ల కిందట కాలేజీలో చేరినప్పుడు నాన్న నాకు ఫోన్ కొనిచ్చాడు. మనిషిని స్పష్టంగా ఉంచి వెనకున్నదంతా మసక చేసే దాని కెమెరా అంటే నాకు పిచ్చి. టార్పాలిన్ కప్పు, పెచ్చులూడిన గోడ, మురుగుకాలవ అన్నీ కరిగి మెత్తని రంగులైపోయేవి. అమ్మ ముక్కుపుడక మాత్రం తళుక్కుమనేది. ఏ పార్కులో తీశావని స్నేహితురాళ్లు అడిగితే నవ్వి ఊరుకునేదాన్ని.

రెండు రోజులు ఆ ఫొటోలన్నీ వెతికాను. పక్కనే కూర్చున్న అమ్మ ఫోన్ లాక్కుని చూసింది.

"నానున్నాను. మనిల్లేదే?"

"నీ వెనకే ఉందమ్మా."

"ఏటుంది, పొగ నాగుంది!"

ఫోన్లు బాగుచేసే కొట్టుకు పరుగెత్తాను. ఆ మసక తీసెయ్యమని బతిమాలాను. మసక చెయ్యని అసలు ఫొటోలు ఉన్నాయా అని కొట్టతను అడిగాడు. ఫోన్లో చోటు చాలక ఎప్పుడో చెరిపేశాను. "లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తేను దీదీ?" అన్నాడు.

గడువు రోజున అమ్మతో కలిసి అవే సర్వే ఆఫీసుకు పట్టుకెళ్లాను. సర్వే అతను ఓపిగ్గానే అన్నీ చూశాడు.

"ఈ ఆకుపచ్చ మచ్చ మా తలుపే దాదా! వచ్చి చూడండి" అంటూ బల్ల పట్టుకుని ఏడ్చాను.

"ఇప్పుడుంది సరే. అప్పుడూ ఉందని ఇందులో ఎక్కడుందమ్మా?" అని, మా పేరుకెదురుగా రుజువు లేదని రాశాడు.

అమ్మ తిడుతుందనుకున్నాను. తిరిగొస్తుంటే దారిలో ఆగిపోయింది.

"నానే గదే, ఫొటోలో గోడ పడకుండా తియ్యమన్నాను. ఊళ్లో మనోళ్లు చూసి బాగున్నారనుకుంటారని నానూ మురిసిపోనాను."

వారం తిరక్కుండా ఇల్లు కూల్చేశారు. నది అవతల మెటియాబ్రుజ్‌లో ఒక దర్జీ కార్ఖానా మీద గది అద్దెకు తీసుకున్నాం. పగలంతా కింద మిషన్లు నడుస్తుంటే నేల అదురుతూ ఉంటుంది.