రెండు గంటల పది నిమిషాల ఢిల్లీ

హైదరాబాదు విమానాశ్రయం నుంచి ఢిల్లీ విమానాశ్రయానికి పన్నెండు వందల చిల్లర కిలోమీటర్లు, ప్రయాణం రెండు గంటల పది నిమిషాలు. ప్రదర్శన ఆఫీసు పంపిన కాగితంలో గద్వాల ఊసే లేదు. మా బావ మాత్రం గద్వాలలోనే ఉన్నాడు.

శంషాబాదులో కొత్త విమానాశ్రయం తెరిచిన మరుసటేడు సంగతి. బావ, అంటే మా అక్క భర్త, చీరలు నేస్తాడు. నూలు చీరకు పట్టు కొంగు పోగులను ఒక్కొక్కటే కలిపే పనిని ఢిల్లీ ప్రదర్శనలో, సాయంత్రం నాలుగింటికి, మగ్గం మీద చేసి చూపమని పిలిచారు. ముప్పై ఏండ్లలో ఆయన పని చూస్తామని ఎవరైనా అడగడం అదే మొదలు. విమానం పొద్దున పదకొండింటికి, తోడుగా నేను.

ముందురోజే పోయి శంషాబాదులో చుట్టాలింట్లో ఉంటానన్నాడు బావ. బడిలో లెక్కలు చెప్పేవాణ్ని కదా, నవ్వాను. అయిదింటికి బస్సు, నాలుగు గంటల ప్రయాణం, తొమ్మిదింటికి దిగుడు అన్నాను.

"బామ్మర్దీ, చీరెంతో పడుగూ అంతే పోస్తే కురచైతది. నేతల కొంత దారం గుంజుకపోతది. జర ఎక్కువ ఇడువు."

పడుగూ పేకల్లో నాకు తెలిసిన పేక సెలవుల్లో ఆడేదొక్కటే. వినలేదు.

బీచుపల్లి వంతెన దాటేదాకా నా లెక్క బాగానే నడిచింది. జడ్చర్లలో టిఫిన్‌కి బస్సు ఆగిన అరగంట మాత్రం అందులో లేదు. శంషాబాదు వస్తుంటే లేచి నిలబడ్డాం. ఇక్కడ ఆగదన్నాడు కండక్టరు. విమానం ఉందంటే, ఇమానమెక్కెటోళ్లు మా బస్సెందుకెక్కుతరని అడిగాడు. విమానాశ్రయం మలుపు కిటికీలోంచి వెనక్కి పోయింది. పట్నం అంచున దిగి, ఆటోలో వెనక్కి వచ్చి, ఆటోను లోపలికి రానియ్యకపోతే సంచులతో ఉరికి చేరేసరికి విమానం ఇంకా నేల మీదే ఉంది. కౌంటరే మూసేశారు.

ఆఫీసుకు ఫోన్ చేశాను. "రెండు గంటల ప్రయాణానికి కూడా టైముకు రాలేరా?" అన్నాడు అవతలి సారు. గద్వాల నుంచి వస్తున్నామన్నాను. గద్వాల నుంచి ఫ్లైట్ లేదు కదా అన్నాడు, అదీ మా తప్పే అన్నట్టు.

నా ఒళ్లు మండింది. మనిషి విమానాశ్రయంలోనే పుట్టి, విమానాశ్రయంలోనే పని చేసుకుంటాడా? ఆకాశంలో కిలోమీటరు కూడా వదలకుండా కొలిచినవాళ్లకు నేల మీద మేమొక్క జానెడైనా కనబడమా? నావి గాలి లెక్కలని మా బడి పిల్లలే అంటారు. ఈ ఆఫీసుది అచ్చంగా గాలి లెక్కే.

నాలుగింటికి ఢిల్లీలో మగ్గం ముందు ఉండాల్సిన మనిషి తిరుగు బస్సులో, పట్టు పోగుల చుట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పది రోజులకు ఆఫీసు నుంచి ఫారం వచ్చింది. రాకపోవడానికి కారణం రాయమని ఒక్క గీత ఖాళీ వదిలారు.

"'బామ్మర్ది' అని రాయి, సరిపోతది," అన్నాడు బావ.

నేను గద్వాల బస్టాండు నుంచి మొదలుపెట్టాను. గీత అయిపోయింది, మార్జిను అయిపోయింది, వెనక పేజీకి పోయాను. అప్పటికింకా శంషాబాదు రాలేదు.