పెద్దల్లుడి మొదటి గుత్తి

పలమనేరు దాటి కొండవాలు ఎక్కితే మా మామ ద్రాక్షపందిళ్లు కనిపిస్తాయి. వాటి వెనక రేకుల షెడ్డులో వైన్ తయారవుతుంది. ఇంటిల్లిపాదికీ అదే పని. మామ తోట చూస్తాడు, అత్త డ్రమ్ముల దగ్గర ఉంటుంది. కోతకాలంలో కూతుళ్లిద్దరూ, అల్లుళ్లిద్దరూ వెళ్లి వేళ్లకు నల్లటి మరకలు పట్టించుకుని వస్తారు. అక్కడ పండేది తాతల నాటి నల్ల ద్రాక్ష. తోలు మందం, లోపల గింజలు. గింజ లేని ద్రాక్ష తెచ్చిపెడితే మామ దాన్ని పండుగా ఒప్పుకోడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కోత మొదలుపెట్టేటప్పుడు మొదటి గుత్తి పెద్దల్లుడు కోయాలి. పెద్దల్లుడు తోటలో ఉండగా, అతను కోసేదాకా ఇంకెవరూ కత్తెర పెట్టకూడదు. ఇది నేను పెట్టింది కాదు. పెళ్లయిన కొత్తలో మామే చెప్పాడు. ఆ ఇంట్లో నాకు దక్కిన మర్యాద అదొక్కటే. పెళ్లిలో పెట్టిన వాచీ నెల తిరక్కుండా ఆగిపోయిన సంగతి ఇక్కడ రాయను.

పోయినేడు కోతకు తిరుపతిలో తెల్లవారకముందే బస్సెక్కాను. మొగిలి ఘాటులో టైరు పోయింది. ఫోన్ చేసి, వస్తున్నాను, ఆగండి అన్నాను. ఆగుతామన్నారు. నేను తోట గేటు తీసేసరికి నా తోడల్లుడు గుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. బెంగళూరు నుంచి కారులో చల్లగా వచ్చాడు. మరదలు ఫొటో తీస్తోంది.

"కూలోళ్లు ఎదురుసూస్తా ఉండారని మామే కొయ్యమన్నాడు అన్నా" అన్నాడు.

ఆ ఫొటోను పెద్దది చేయించి, వచ్చినవాళ్లకు వైన్ రుచి చూపించే గదిలో గోడకు తగిలించారు. అందులో నేనూ ఉన్నాను. వెనకాల గేటు దగ్గర ఒక చెయ్యి, ఒక సంచి కనిపిస్తాయి. ఆ చెయ్యి నాది. సంచిలో వాళ్ల కోసం తెచ్చిన లడ్డూలు.

అందుకే ఈ ఏడు నేను పనిచేసే రేణిగుంట గోదాములో సెలవు పెట్టి ముందుగానే వెళ్లాను. మామ రోజూ పొద్దున ఒక పండు నోట్లో వేసుకుని గింజ కొరికి చూస్తాడు. పచ్చిగా ఉంటే మెత్తగా నలుగుతుంది. పటుక్కుమంటే కోతకు వచ్చినట్టు. ఒక పొద్దున గింజ పటుక్కుమంది. మామ కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"కొయ్యి అల్లుడా."

"ఆ ఫొటో తీసేయండి మామా, కోస్తా."

"యా ఫొటో?"

"నా చెయ్యుండేది."

మామ నవ్వాడు. నేను నవ్వలేదు. కత్తెర జేబులో వేసుకుని, పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పెద్దల్లుడు తోటలో ఉన్నాడు, కోయలేదు. ఇక ఆ ఇంట్లో ఎవరికీ కోసే వీలు లేదు. కూలీలను వెనక్కి పంపారు.

మరుసటి రోజు మామ నన్ను పలమనేరు పోయి మేకులు కొనుక్కురమ్మన్నాడు. నేను గేటు దాటితే ఇంకో కత్తెర ఎవరి చేతికి పోతుందో నాకు తెలుసు. కదల్లేదు. అత్త నాతో నేరుగా మాట్లాడదు. నాకు వినిపించేలా నా భార్యతో అంది: "మీ ఆయన్ని అన్నానికి లెయ్యమనమ్మా. పంతంతో కడుపు నిండదు గదా."

అన్నం కుర్చీ దగ్గరికే తెప్పించుకున్నాను.

గింజలు ముదిరాయి, పండ్లు ఇంకా నల్లబడ్డాయి. గోరింకలు దిగాయి. తోడల్లుడు కారులో వలలు తెచ్చి పందిళ్ల మీద కప్పాడు. తర్వాత కొండ మీద మబ్బు పట్టింది.

"వానొస్తే పండ్లన్నీ పగిలిపోతాయన్నా. ఆ ఫొటో నేనే తీసేస్తా" అన్నాడు.

"నువ్వు తియ్యొద్దు. పెట్టించినాయన తియ్యాల."

ఏడాది పంట అంతా పందిరికే ఉంది. మామ మబ్బును చూశాడు, నన్ను చూశాడు. లోపలికి పోయి స్టూలెక్కి ఫొటో దించి, తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇంగన్నా లెయ్యప్పా."

లేచి మొదటి గుత్తి కోశాను. అందరం కత్తెరలు పట్టుకున్నాం. ఆఖరి బుట్ట షెడ్డులోకి చేరాక వాన కురిసింది.

కొన్ని నెలలకు వైన్ తయారైంది. ఎప్పుడూ చివర్లో నాలుకను పట్టే పులుపు ఈసారి లేదు. చిత్తూరు నుంచి వచ్చిన ఒకాయన రెండో గ్లాసు అడిగి, ఏం చేశారని మామను అడిగాడు.

"పండు కొమ్మకే బాగా మాగనిచ్చినామప్పా. మా సిన్నల్లుడు వలలు తెచ్చి కప్పినాడు, అందుకే ఆగగలిగినాం."

గ్లాసుల ట్రే పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

"కోత ఆపిందెవురు మామా?" అన్నాను.

"వాన గదా అల్లుడా. దేవుడి దయ, ఆ పొద్దు దాకా రాకుండా ఆగింది."

గోడ మీద పాత మేకుకే కొత్త ఫొటో తగిలించారు, నేను గుత్తి కోస్తున్నది. తీసింది తోడల్లుడు, తన ఫోన్లో, చెయ్యి చాపి. ముందు వాడి మొహం, ఫ్రేమంతా. వాడి చెవి వెనక కత్తెర, గుత్తి, నా మొహంలో సగం.

"పోయినేటి కంటే మేలే గదా, మొహం పడింది" అంది నా భార్య.

ఊరికి బయల్దేరుతుంటే అత్త పందిరి కింద కుర్చీ లోపల పెట్టించబోయింది. ఆడనే ఉండనీమని నా భార్యతో చెప్పించాను.