జాల్యా అంగి

నెల్లికుదురు పక్క తండాలో బొంతలు కుట్టే బుచ్చికి ఒక పట్టింపు ఉంది. పాత చీర తెచ్చినా, చిరిగిన ధోతి తెచ్చినా, "ఇది ఎవలది?" అని అడగందే సూది ఎక్కించదు. బొంత పూర్తయ్యాక అందరినీ చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కో ముక్క మీద చెయ్యి వేసి, ఎవరి బట్టో పేరు చెప్పి అప్పగిస్తుంది. మహబూబాబాద్‌లో నాకు ఫొటో స్టూడియో ఉంది. గుడ్డ మీద ఫొటోలు అచ్చు వేయడం నేర్చుకున్నాక, పోయినవాళ్ల ఫొటోలు బొంతల్లో కుట్టించుకునేవాళ్లు పెరిగారు. అలా మా ఇద్దరికీ జోడీ కుదిరింది.

సకల జనుల సమ్మె నాటి మాట ఇది. మా దీక్షా శిబిరానికి పెద్ద వెంకట్రాం పటేల్. ఉద్యమంలో ఉన్నవాళ్ల ఫొటోలూ బట్టలూ కలిపి గోడంత బొంత కుట్టమని బుచ్చికి పురమాయించాడు. నడిమధ్యలో తన ఫొటో ఉండాలి, దాని కింద రక్తపు మరకల తెల్ల అంగి ఉండాలి. రైల్ రోకోలో తన తల పగిలిందని చెప్పి ఊరూరా ఎత్తి చూపించిన అంగి అది.

నిజానికి రైల్ రోకో జరిగినంతసేపూ ఆయన నా స్టూడియోలో, పోస్టరు కోసం జుట్టు దువ్వుకుంటూ కూర్చున్నాడు. సాయంత్రానికి తలకు కట్టు కట్టుకుని తిరిగాడు. నాకు తెలుసు. నీళ్లలో ఉండి మొసలితో వైరం ఎందుకని నోరు మూసుకున్నాను. ఒట్టి పిరికితనం.

బుచ్చి ఆ అంగిని తిప్పి చూసింది. చంక కింద ఎర్ర గుడ్డ మాసిక ఉంది. తన అద్దాల లంబాడీ పావడా, ఆ పాత పేటియా అంచు చింపి తనే వేసిన మాసిక. అంగి ఆమె మొగుడు జాల్యాది. రైల్ రోకో రోజు ఎటు నుంచో వచ్చిన కంకర రాయి జాల్యా ఎడమ కన్ను తీసింది. జనాన్ని పట్టాల దగ్గర దింపిన వెంకట్రాం జీపులోనే అతన్ని దవాఖానకు తీసుకుపోయారు. రక్తం ఆపడానికి విప్పి నొక్కిన అంగి ఆ జీపులోనే ఉండిపోయింది.

అంగిని గుర్తుపట్టిన మర్నాడే బుచ్చి నా దగ్గరికి వచ్చింది. జాల్యా పెళ్లినాటి ఫొటో, రెండు కళ్లూ ఉన్నది, గుడ్డ మీద వేయమంది. సంగతంతా విని, పోయి నిలదీయమన్నాను.

"గిప్పుడు మొత్తుకుంటే తండాది అబద్ధమాడుతుందంటరన్నా. ఆయన చేతులతోనే మైకు ఇప్పించుకుంట."

ఇచ్చాడు కూడా. బొంత వేలాడదీసిన రోజు, జనమంతా చూస్తుండగా, "ఎవల బట్టలో చెప్పు బుచ్చీ, అందరికి ఇనపడాలె" అని మైకు అందించాడు.

"గీ చీర పెద్దవంగర చిలుకమ్మది. గీ కండువ బక్కయ్య సారుది." చెయ్యి నడిమికి వచ్చింది. "గీ అంగి నా మొగడు జాల్యాది."

వదులుగా కుట్టిన దారాన్ని ఒక్క గుంజు గుంజింది. అంగి ఊడి చేతికొచ్చింది. దాని అడుగున జాల్యా పెళ్లినాటి ఫొటో ఉంది. మాసికను తను కట్టుకున్న ఆ పేటియా పక్కన పెట్టి చూపించింది. అదే ఎరుపు, అవే అద్దాలు.

"గీ పిచ్చిదానికి మైకు ఎవడిచ్చిండ్రా!" అని వెంకట్రాం అరిచాడు.

"నువ్వే ఇచ్చినవ్ పటేలా" అంది చిలుకమ్మ. శిబిరమంతా గొల్లున నవ్వింది. అప్పుడు గానీ నాకు నోరు పెగల్లేదు. ఆయన ఆ రోజు ఎక్కడున్నాడో లేచి చెప్పాను. ఆయన చెప్పులు వెతుక్కుంటూ బయటికి నడుస్తుంటే నా కడుపు చల్లబడింది. దాచుకోవడం దేనికి?

బుచ్చి కడుపు మాత్రం చల్లబడలేదు. వెంకట్రాం సర్పంచ్‌గా నిలబడినప్పుడు, ఉతకని ఆ అంగి జాల్యాకు తొడిగి, చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. వెంకట్రాం ఓడిపోయాడు. తర్వాత ఏ పెళ్లికి ఆయన వస్తాడని తెలిసినా జాల్యా ఒంటి మీద అదే అంగి. ఆయన చూపు పడేచోట కూర్చోబెడుతుంది. అన్నం ముందు నుంచి ఆయన లేచిపోవడం నేను కళ్లారా చూశాను.

మొన్న నా ముందే జాల్యా బతిమాలాడు. "చాలు బుచ్చీ. కంపు కొడుతుంది, ఒళ్లంత దురద పెడుతుంది. జర ఉతుకు."

"వాడు సచ్చినంక ఉతుకుత" అంది బుచ్చి, అతని గుండీలు పెడుతూ. "అందాక నువ్వు సావకు."