పిట్టల గోపిక

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక వీధిలో బ్లౌజుల గోపిక అంటే అందరికీ తెలుసు. ఈ రెండేళ్లలో ఆ పేరు పోయి పిట్టల గోపిక అయింది. అందుకు కారణం లారీ నడిపే ఆమె భర్త శ్రీధర్. హైదరాబాదుకు బియ్యం లోడు వేసుకొని పోయినవాడు, వస్తూ వస్తూ కాకటీల్ అనే విదేశీ పిట్టల జంటను పంజరంతో సహా తెచ్చాడు. బుగ్గల మీద నారింజ చుక్కలు, నెత్తిన కుచ్చు. "నీకు తోడుంటయని తెచ్చిన" అని చెప్పి, మర్నాడే మళ్లీ లారీ ఎక్కాడు.

తోడు సంగతి అటుంచితే, ఆ జంట చెక్కపెట్టెలో గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. మొదటిసారి పిల్లలు లేచినప్పుడు గోపిక మురిసిపోయింది. రెండోసారికే వేసారింది. తల్లి మేపడం మానేసి మళ్లీ గుడ్ల మీద కూర్చుంటే, ఈకలైనా రాని పిల్లలకు గోరువెచ్చగా పిండి కలిపి సిరంజితో పట్టాల్సింది ఆమే. మిషన్ మీద సగం కుట్టిన జాకెట్ వదిలేసి లేవాలి. రెక్కల నుంచి రాలే తెల్లపొడి పట్టుబట్టల మీద పడితే గిరాకీల చేత మాటలు పడాలి. పిండి పట్టే ముందు ఆమె సన్నగా ఈల వేసేది. అది వినగానే పిల్లలన్నీ నోళ్లు తెరిచేవి.

పెంచడం ఒక ఎత్తు, వాటికి ఇళ్లు వెతకడం ఇంకో ఎత్తు. సూర్యాపేట ఆయనొకడు ఒకే గూటి పిల్లలను జంటగా ఇమ్మని పట్టుబట్టాడు. తోడబుట్టినవాటిని జతకట్టించకూడదంటే, పిట్టలకు కూడా వావివరసలేంటని నవ్వాడు. ఇంకొకామె అసలు అరవని పిట్ట కావాలంది. కోదాడలో ఒంటరిగా ఉండే నవనీత టీచర్‌కు మాట్లాడే పిట్ట కావాలి. తీసుకుపోయిన దగ్గర్నుంచి రోజూ ఫోన్లే. ఇది రామచిలుక కాదని, ఆడదైతే ఈల కూడా అంతంతమాత్రమేనని గోపిక చెప్పీ చెప్పీ అలసిపోయింది.

ఒక పొద్దున నవనీత ఏడుస్తూ ఫోన్ చేసింది. కిటికీలోంచి ఎగిరిపోయిన పిట్ట ఎదురు డాబా నీళ్ల ట్యాంకు మీద కూర్చుందట. పిలిస్తే రావడం లేదు, కాకులు చేరుతున్నాయి. గోపికకు ఒళ్లు మండింది. కిటికీకి జాలీ పెట్టించుకొమ్మని ముందే చెప్పింది. అవతల పెళ్లి జాకెట్లు సాయంత్రానికి ఇవ్వాలి. అయినా మిషన్ మీద గుడ్డ కప్పి కోదాడ బస్సెక్కింది. దారంతా శ్రీధర్‌ను తిట్టింది, నవనీతను తిట్టింది, అన్నిటికంటే ఎక్కువగా తన్ను తాను తిట్టుకుంది.

వీధిలో జనం మూగి ఉన్నారు. ఎవరో పొడుగాటి కర్ర కూడా తెచ్చారు. గోపిక అందరినీ పక్కకు జరగమంది. అంతమంది ముందు ఈల వేయాలంటే సిగ్గేసింది. మొదట నోరెండి గాలే వచ్చింది. మళ్లీ వేసింది. పైన కుచ్చు నిక్కబొడుచుకుంది. ఇంకోసారి వేసేసరికి పిట్ట సర్రున దిగి ఆమె భుజం మీద వాలి, పిల్లప్పటిలాగే నోరు తెరిచింది. అంతసేపూ తిట్టుకుంటూ వచ్చిన గోపిక దాని కుచ్చును వేలితో నిమిరింది.

ఇక దీన్ని ఇక్కడ వదిలేది లేదని కొంగులో చుట్టబోయింది. నవనీత జనంలోంచి ముందుకొచ్చింది.

"తీసుకెళ్లిపోండి. నాకు చేతకాలేదు. ఇంట్లో పలకరించే మనిషి లేరు కదా, అదైనా మాట్లాడుతుందనుకున్నానండీ."

కళ్లు తుడుచుకోబోతే పిట్ట గెంతి ఆమె మణికట్టు మీదికి ఎక్కింది. తల వంచి, మెడ గోకమన్నట్టు నిలబడింది. నవనీత వేలు దానికి తెలిసిన దారిలోనే ఈకల్లోకి పోయింది. గోపిక కొంగు సర్దుకుంది.

"మీ చేతికి మంచిగనే మరిగింది మేడమ్. ముందుగాల జాలీ పెట్టించుర్రి. మాటల సంగతి తర్వాత సూద్దాం."

జాలీ బిగించే మనిషి వచ్చిపోయేదాకా అక్కడే కూర్చుంది. ఇల్లు చేరేసరికి పెళ్లివాళ్లు వాకిట్లో కాచుకొని ఉన్నారు. వాళ్ల చేత చీవాట్లు తింటుండగానే శ్రీధర్ ఫోన్ చేసి, పిట్టలు ఎట్లున్నాయని అడిగాడు.

"ఇగ ఉత్త చేతులతోనే ఇంటికి రా" అంది గోపిక. "మళ్ల ఏమన్న తెస్తే, దాంతోపాటు నిన్ను గూడ ఎవరికన్న పెంచుకొమ్మని ఇస్త."

ఆ తర్వాత గుడ్లు కనిపించినప్పుడల్లా, తీసేస్తే మళ్లీ పెడతాయని, వాటిని ఉడకబెట్టి, చల్లార్చి తిరిగి పెట్టెలో పెట్టేస్తోంది. ఆడా మగా వంతులేసుకొని వాటినే పొదిగి పొదిగి, చివరికి విసిగి లేచిపోతాయి. అన్నాళ్లూ గోపిక పెట్టె వైపు చూడకుండా మిషన్ తొక్కుతుంది. పిల్లలున్నాయా అని ఎవరైనా ఫోన్ చేస్తే, లేవని చెప్పి పెట్టేస్తుంది.