దొరసాని దగ్గర నేర్చిన పాట

గంగమణి చెప్పులు విప్పబోయి గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో రెండు జాకెట్ గుడ్డలు, ఒక ఆది జాకెట్టు. లోపల కుట్టుమిషను చప్పుడు. ఆ చప్పుడుకు పైన, టేపు రికార్డరులోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో పాడుతోంది.

పెళ్ళి కాకముందు విన్న పాట అది. మళ్ళీ ఎక్కడా వినలేదు. అయినా పాట ఒక చోట మలుపు తిరగబోతుంటే ఆ మలుపు ఆమె నోటికి ముందే తెలిసిపోయింది. తనకు తెలియకుండానే గొంతు కలిపింది.

మిషను ఆగింది. కనకరత్నం కళ్ళద్దాల మీంచి చూసింది.

"ఈ పాట మీకెలా తెలుసండీ?"

"చిన్నప్పటిది అక్కా. గట్లనే నోటికొచ్చింది" అని గంగమణి సిగ్గుపడింది.

అది రెండువేల సంవత్సరం ఎండాకాలం. గంగమణి, ఆమె భర్త పండరి అప్పటికి పెద్ద కొడప్‌గల్ వైపు పల్లె నుంచి బాన్సువాడకు వచ్చి కొద్ది నెలలే అయింది. కూతురు వందన ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. పొలం కౌలుకిచ్చి, బస్టాండు వెనక గల్లీలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. కనకరత్నానిది అదే గల్లీ. ఆమె కృష్ణా జిల్లా మనిషి. పెళ్ళయిన కొత్తలో భర్తతో నిజాంసాగర్ కాలువ కింది పొలాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మోకాళ్ళు పట్టేసి పొలం పని మానుకున్నాక ముందు గదిలో మిషను వేసుకుంది. విజయవాడ కాన్వెంటు హాస్టల్లో ఉన్నప్పుడు సిలోన్ రేడియోలో విన్న ఇంగ్లీషు పాటలంటే ఆమెకు ప్రాణం. వాటిని విశాఖ ఓడరేవులో పనిచేసే తమ్ముడు క్యాసెట్లలోకి ఎక్కించి పంపేవాడు. కుట్టు పనంతా ఆ పాటల మీదే నడిచేది.

"కూర్చోండి. మళ్ళీ పెడతాను" అని ఆమె క్యాసెట్టు వెనక్కి తిప్పింది.

గంగమణి నేల మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా పాడింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మాటలు ఆమె నోట్లో అరిగి గుండ్రాళ్ళయిపోయాయి. "సిప్పికమిన్, సిప్పికమిన్, బట్నాట్యూ" అని పల్లవి. రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు.

"ఎవరు నేర్పారు?"

"మా నాయిన బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీ క్లబ్బుల వంట చేస్తుండె. ఆడ మిషన్ల ఇంజనీరు భార్య ఉండె, డోరతీ దొరసాని. సాయంత్రం కాంగనే క్లబ్బుకొచ్చి గిదే రికార్డు పెట్టేది. నాతోనే పెట్టిచ్చేది. సూది గీసుకపోకుండ ఎట్ల పెట్టాల్నో ఆమెనే చూపిచ్చింది." గంగమణి నవ్వింది. "ఆమె డ్యాన్సు చేస్తుంటె నేను కుర్చీలు జరుపుతుంటి. మస్తు సంతోషంగ ఉండేది అక్కా, దొరసాని."

ఆ తర్వాత పదిహేడో ఏట పెళ్ళి. అత్తగారి పొలంలో నాట్లు వేసేటప్పుడు ఈ పాట అందుకుంటే పక్కనున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వి, మళ్ళీ పాడమనేవారు. ఒకరోజు అత్త విన్నది. "గా దొరల పాటలు మా పొలంల వద్దు" అంది. గంగమణి మానేసింది. మానేసిన పాట ఎక్కడికి పోయిందో ఆమె ఎన్నడూ వెతకలేదు.

"గీ పాటల ఏమున్నది అక్కా? నాట్యూ అంటే నాట్యమే గద. అందరు కలిసి ఆడుతున్నట్టా?"

కనకరత్నం ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "అవునండీ. పండగ పూట నాట్యం చేస్తున్నారు, అంతే" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి గంగమణి నోట ఆ పాటే. బియ్యం చెరుగుతున్నా, కూర తరుగుతున్నా అదే. నాలుగైదు రోజులయ్యాక వందన పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తింది.

"అమ్మా, ఏం పాడుతున్నవో ఎరుకేనా? షిప్ కమిన్, బట్ నాట్ యూ. ఓడ వచ్చింది, నువ్వు మాత్రం రాలే అని."

గంగమణి చేతిలో చేట ఆగింది. "నాట్యం కాదా?"

"నాట్యమెక్కడిదమ్మా."

మధ్యాహ్నం ఎండలోనే ఆమె కనకరత్నం ఇంటికి వెళ్ళింది. లోపలికి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడే అడిగింది.

"నాకెందుకు అబద్ధం చెప్పినవక్కా? నాకు సదువు రాదనేనా?"

కనకరత్నం దారం తెంపి గుడ్డ పక్కన పెట్టింది. "మీరు పాడుతుంటే మీ మొహం చూశాను వదినా" అంది. అంతవరకు ఆమె గంగమణిని వదినా అని పిలవలేదు. "అంత సంతోషాన్ని నేను చెడగొట్టడం దేనికి అనిపించింది. తప్పే. కూర్చోండి, ఇప్పుడు చెప్తాను."

ఒక్కో చరణం దగ్గర క్యాసెట్టు ఆపి చెప్పింది. ఒకామె రేవులో నిలబడి ఉంటుంది. ఓడ వస్తుంది, అందరూ దిగుతారు, అతను దిగడు. అతని కోసం కుట్టించుకున్న గౌను బిగుతైపోయింది. రేవులో టీ అమ్మే మనిషి కూడా అడగడం మానేశాడు. అయినా రేపు మళ్ళీ వస్తానంటుంది. రాగమేమో గంతులేయించే రాగం.

గంగమణి కళ్ళు నేల మీదే ఉన్నాయి. ఆమెకు క్లబ్బు హాలు కనిపిస్తోంది. ఇంజనీరు దొర మిషను సామాను కోసమని బొంబాయి వెళితే నెలల తరబడి వచ్చేవాడు కాదు. ఆ సంగతి వంటింట్లో అందరూ అనుకునేవాళ్ళు. చిన్నపిల్లగా తనూ విన్నది. కానీ ఆ మాటకూ ఈ పాటకూ సంబంధం ఉందని ఎలా తెలుస్తుంది? దొరసాని ఒక్కతే చేతులు చాపి గుండ్రంగా తిరిగేది. ఒక్కోసారి తన చెయ్యి పట్టి లాక్కునేది. ఆ పట్టు గట్టిగా ఉండేది, గాజులు ఒత్తుకునేలా. వాళ్ళ నాట్యమే అట్లా ఉంటుందేమో అనుకుంది తను.

"నేను ఆమెతోని ఆడుకుంటున్న అనుకున్న అక్కా. ఆమె నన్ను పట్టుకొని నిలబడ్డది" అంది.

కనకరత్నం లేచి మంచినీళ్ళు తెచ్చింది. ఆమె కూడా నేల మీదే, మోకాళ్ళు చాపుకుని కూర్చుంది. "నాకు మాత్రం అప్పుడు తెలిసిందా ఏమన్నా? హాస్టల్లో మేమూ నవ్వుతూనే పాడేవాళ్ళం. అర్థం తెలుసు, అంతే. ఇక్కడికొచ్చాక, కాలువలో నీళ్ళు రాక వరసగా మూడో పంట కూడా పోయిన ఏడు, మా ఊరు పోదామని రోజూ ఏడ్చాను. అప్పుడు తెలిసింది."

సాయంత్రం పండరి వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంటే, "ఏమైంది, ఇయ్యాల పాట బందైంది?" అన్నాడు.

"నీకు గా పాట ఎరుకనా?"

"ఎరుక లేకేంది. నాట్లేసేటప్పుడు పాడుతుంటివి. గట్టు మీద కూసొని ఇంటుంటి."

ఆమె అతని వైపు తిరిగింది. "మరి మీ అవ్వ వద్దన్ననాడు ఒక్క మాట అనకపోతివి."

పండరి తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అనాల్సుండె" అన్నాడు. మళ్ళీ తనే, "ఇప్పుడు పాడు. అవ్వ లేదు గద" అన్నాడు.

ఆమె పాడింది. కానీ పాత పరుగు రాలేదు. మాటమాటకూ ఆగుతూ, ఓడ వచ్చిన చోట గొంతు పైకెత్తి, నువ్వు రాలేదన్న చోట దించింది. లోపలి నుంచి వందన వచ్చి గడప మీద కూర్చుంది.

"గిది వేరే తీరుగున్నది" అన్నాడు పండరి.

"పాట గదే. నేనే గిప్పుడు ఇంటున్న" అంది గంగమణి.

ఆ తర్వాత శనివారం మధ్యాహ్నాలు ఆమె పని పెట్టుకోవడం మానేసింది. అన్నం తిని కనకరత్నం ఇంటికి వెళ్ళేది. మొదట ఇద్దరే. తర్వాత ఎదురింటి మరాఠీ ఆవిడ జమునాబాయి చేటలో చిక్కుడుకాయలు పట్టుకుని వచ్చి వినడం మొదలుపెట్టింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, పాట రాదు. తాళం మాత్రం చేట మీద ఖచ్చితంగా వేసేది. మిషను దగ్గరికి జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళు నిలబడి కొంచెం నవ్వేవాళ్ళు, తర్వాత కూర్చునేవాళ్ళు. ఒకామెకు తన పెళ్ళిలో బ్యాండువాళ్ళు వాయించిన రాగమేదో గుర్తుకొచ్చేది. ఇంకొకామెకు నిజామాబాదులో అన్నతో కలిసి చూసిన సినిమా. వాళ్ళ మాటలు పాటలకంటే ఎక్కువసేపు నడిచేవి. ఇంటికి వెళ్ళేటప్పుడు అందరి కొంగుల మీదా దారప్పోగులు.

ఒకసారి కనకరత్నం కొత్త క్యాసెట్టు తీసింది. తమ్ముడు పంపినదే. అందులో ఒక పాట గంగమణి ఎన్నడూ వినలేదు. రెండుసార్లు విని కళ్ళు మూసుకుంది.

"అర్థం చెప్పమంటారా వదినా?"

"ఇప్పుడే వద్దు. ముందు నోటికి రానియ్యి" అంది గంగమణి. "వచ్చినంక చెప్పు. ఏమున్నా సరే, దాచకు."

కనకరత్నం తలూపి టేపు మొదటికి తిప్పింది. జమునాబాయి చేట ఒళ్ళోకి జరుపుకుంది.